ఋణమును అరణ్యమును: చికో మెండెస్ చరిత్రము

అప్పుపడినవాని యింట పెత్తనము అప్పిచ్చినవానిదే యని మన పల్లెలలో వేఱుగ చెప్పనక్కఱలేదు. పంట కళ్లమునకు రాకమునుపే షావుకారు మనిషి వచ్చి నిలుచుండును. ఈ యేడు గింజలు పోవును, మఱుసటి యేడు చేను తనఖాలోనికి పోవును, ఆ పిమ్మట గట్టుమీది చెట్లు సైతము గొడ్డలిపాలగును. వ్యక్తికి పట్టు నీ గతియే దేశములకును పట్టుచున్నది. విదేశపు బ్యాంకులకు బాకీపడిన దేశము వడ్డీ కట్టుటకై తన గనులను, తన యడవులను అమ్మకమునకు పెట్టును. ఉష్ణమండలమునందలి మహారణ్యములు తఱిగిపోవుటకు గల కారణములలో ఈ ఋణభార మొకటి. కావుననే, ఋణదాతలు బాకీలో కొంత వదలుకొనవలెననియు, అందుకు ప్రతిగా ఋణగ్రస్తదేశములు తమ యడవులను కాపాడవలెననియు నొక యొడంబడిక 1980 దశాబ్దిలో పుట్టినది. చూచుటకు చక్కని బేరమే. కాని యీ పత్రముపై చేవ్రాలు చేయువా రెవరు? అడవిలో కాపురముండువాని కందు చోటున్నదా? ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్ర గ్రంథములకన్న నొక మనుష్యుని జీవితము చక్కగా సమాధానము చెప్పుచున్నది. ఆ మనుష్యుడు బ్రెజిల్ దేశమున రబ్బరుచెట్లు గీచి పొట్టపోసికొనిన చికో మెండెస్. ఆయన చరిత్రమును నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

బ్రెజిల్ దేశపు పడమటి కొసను, పెరూ బొలీవియాల సరిహద్దున, ఆక్రె యను రాష్ట్రము కలదు. 1903 వఱకు నది బొలీవియాకు చెందినది. రబ్బరుకొఱకు వచ్చి స్థిరపడిన బ్రెజిల్ జనులు తిరుగబడగా, ఒప్పందముచే బ్రెజిల్ వశమైనది. ఆ యడవులలో రబ్బరుచెట్టు ఎవరును నాటకయే మొలచును. తోపుగా నుండదు. వందలకొలది యితరవృక్షముల నడుమ అక్కడొకటి యిక్కడొకటిగా పెరుగును. పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రపంచమునకు కావలసిన రబ్బరు చాలవఱకు ఆమెజాన్ ప్రాంతమునుండియే పోయెడిది. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు సుమారు 70 వేల విత్తనములను లండను చెంతనున్న క్యూ తోటకు చేర్చెను. అందు మొలచిన మొక్కల సంతతి సింహళమునకును మలయాకును పోయి తోటలై విస్తరించెను. 1913 నాటికే ఆసియా తోటల రబ్బరు ఆమెజాన్ రబ్బరును మించిపోయెను. విశాఖపట్నము, గంజాము జిల్లాలనుండి కూలికై మలయాకు తరలిపోయిన మన తెలుగువారిలో పలువురు గీచినది యా విత్తనముల సంతతినే. ఒక దేశపు చెట్టు మఱొక దేశమున పాదుకొనగా మొదటిచోట గీతగాడు దిక్కుమాలెను, రెండవచోటికి వేఱొక దేశపు కూలి వలసపోయెను. లాభము మాత్రము రెండుచోట్లను పనివానికి చేరలేదు.

ఆమెజాన్ రబ్బరు వ్యాపారమంతయు అప్పు మీదనే నడచినది. బెలెం, మానౌస్ నగరములందలి పెద్దవర్తకులు ఎస్టేటు యజమానులకు సరకు అరువిత్తురు. యజమాని గీతగానికి అరువిచ్చును. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ, కత్తి, తుపాకిమందు, కఱ్ఱపెండలపు పిండి, ఇవన్నియు యజమాని కొట్టునుండియే తెచ్చుకొనవలెను. వాని ధర యజమాని చెప్పినది. గీతగాడు తెచ్చిన రబ్బరు తూచువాడు యజమాని, దాని ధర కట్టువాడును యజమానియే. చెట్ల నడుమ త్రొక్కిన కాలిబాటలకు సయితము అద్దె చెల్లింపవలెను. మఱొకనికి రబ్బరు అమ్మిన దండన తప్పదు. ఏడాది చివర పద్దు చూచినచో బాకీ మిగిలియే యుండును. ఆ పద్దు సరియైనదో కాదో చదువు రానివానికి తెలియు మార్గము లేదు. అందుచేతనే ఎస్టేటులలో బడి పెట్టనిచ్చెడివారు కారు. కూలివాని పిల్ల అక్షరములు నేర్చినచో పద్దు చదువునని యజమానుల భయము. అప్పును నిరక్షరతయు చెట్టపట్టాలు వేసికొని నడచిన యీ రాజ్యమున మన కథానాయకుడు జన్మించెను.

ఆయన పూర్తిపేరు ఫ్రాన్సిస్కో అల్వెస్ మెండెస్ ఫిల్యు. 1944 డిసెంబరు 15వ తేదీన షాపురి పట్టణమునకు సమీపమున నొక రబ్బరు ఎస్టేటులో పుట్టెను. కఱవులకు పేరుపడిన ఈశాన్యపు సియారా రాష్ట్రమునుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన కుటుంబమది. ఆయన పుట్టిననాడు ప్రపంచయుద్ధము జరుగుచుండెను. మలయా జపానువారి చేత చిక్కగా, అమెరికాతో కుదిరిన ఒడంబడికచొప్పున బ్రెజిల్ ప్రభుత్వము ఈశాన్యమునుండి 50 వేలకు పైగా జనులను రబ్బరు సైనికులను పేర ఆమెజాన్ అడవులకు తరలించెను. యుద్ధము ముగియగానే వారిని స్వస్థలములకు చేర్తుమనిన మాట నిలువలేదు. వ్యాధులచే వేలకొలది మడిసిరి. మిగిలినవారు అప్పుల పద్దులలో చిక్కి అక్కడనే యుండిపోయిరి.

తొమ్మిదేండ్ల ప్రాయమునకే బాలుడు తండ్రివెంట గీతకు పోసాగెను. తెల్లవాఱకమునుపే, తలకు కట్టిన కిరసనాయిలు దీపము వెలుతురున, ఒక బాటవెంట నూటయేబది మొదలు రెండువందల చెట్లవఱకు గీచి చిన్నగిన్నెలు తగిలింపవలెను. మధ్యాహ్నము మరల నదే బాటను తిరిగి పాలు పోగుచేయవలెను. సాయంకాలము పొగగూడులో కూర్చుండి ఆ పాలను ఉండగా కాచవలెను. ఆ పొగ కన్నులను ఊపిరితిత్తులను తినివేయును. తోబుట్టువులలో పలువురు పసితనముననే గతించిరి. అయినను ఆ బాలున కడవి శత్రువుగ తోపలేదు. రబ్బరు లేని నెలలలో బ్రెజిల్ కాయలు ఏఱుకొనుటయు, చేపలు పట్టుటయు, గుడిసె చుట్టును కొంచెము పైరు వేసికొనుటయు వారి జీవనము. చెట్టు నిలిచియున్నంతకాలమే తమకు కూడు దొరకునని యడవిబిడ్డలకు వేఱొకరు బోధింపనక్కఱలేదు.

ఆయన జీవితము మలుపు తిరిగినది చదువుచేత. పదునెనిమిదేండ్ల ప్రాయమున యూక్లిడెస్ తావొరా యను నొకనితో పరిచయమయ్యెను. తావొరా పూర్వము సైన్యమున నుండి, 1935 నాటి తిరుగుబాటులో పాల్గొని, చెఱనుండి తప్పించుకొని, బొలీవియాలో కొంతకాలము కార్మికులతో కలిసి పనిచేసి, కడకు ఆక్రె యడవిలో అజ్ఞాతవాసము చేయుచుండెను. వారాంతమున మెండెస్ అడవిదారిని గంటలకొలది నడచి యాతని గుడిసెకు పోయెడివాడు. పాఠ్యపుస్తకములు లేవు. వారములు గడచి చేరెడి పాతపత్రికలే వాచకములు. అక్షరములు వచ్చినపిమ్మట వార్తలోని వాస్తవమును ఏఱుట నేర్పెను. రేడియో దొరకినపుడు మాస్కో, లండను, అమెరికా కేంద్రములు పోర్చుగీసుభాషలో చెప్పు వార్తలను వరుసగా విని, ఒకే సంగతిని మువ్వురు మూడువిధముల నేల చెప్పుచున్నారో గురుశిష్యులు చర్చించెడివారు. ముందెన్నడైన కార్మికసంఘములు వెలసినచో, అవి సర్కారువారు పెట్టినవే యైనను వెలుపల నిలువక లోపలికి పోయి పనిచేయవలెనని గురువు శిష్యునికి చెప్పిన హితవు. కొలదికాలమునకు తావొరా కనుమఱుగయ్యెను. హితవు మాత్రము నిలిచినది. పద్దు చదువగలవాడొకడు అడవిలో బయలుదేరెను.

1964లో బ్రెజిల్ దేశమున సైన్యము రాజ్యమును హస్తగతము చేసికొనెను. ఆమెజాన్ అడవిని ఖాళీభూమిగా నెంచిన యా ప్రభుత్వము, దక్షిణపు ధనికులకు పన్నుల మినహాయింపులిచ్చి యడవి కొట్టి పసులమేత బీళ్లు చేయుడని ప్రోత్సహించెను. అడవి నఱకుటయే భూమిని బాగుచేయుటగా గణింపబడెను. 1970 దశాబ్ది మొదట ఆక్రె రాష్ట్రపు గవర్నరు సైతము పశువుల ఆసాములను పిలిచి భూములు చూపెను. బ్యాంకు అప్పులలో మునిగియున్న పాత ఎస్టేటు యజమానులు వచ్చిన ధరకు తెగనమ్ముకొనిరి. కొన్నవారికి చెట్లతో పనిలేదు, గీతగాండ్రతో అంతకన్న పనిలేదు. తరతరములుగా నున్నను గీతగాని చేతిలో పట్టా యను కాగితము లేదు. గుడిసెలు తగులబడెను, తుపాకులు పేలెను. వేలకొలది కుటుంబములు సరిహద్దు దాటి బొలీవియా యడవులలోనికి పోయినవి, లేదా రాజధానియైన రియో బ్రాంకో పేటలలో చేరినవి.

ఇదే సమయమున దేశమును అప్పుల యూబిలోనికి దిగుచుండెను. 1970 దశాబ్దిలో చమురుదేశముల ధనముతో నిండిన విదేశపు బ్యాంకులు అడిగినదే తడవుగ అప్పులిచ్చినవి. ఆనకట్టలు, రహదారులు, కర్మాగారములు లేచినవి. అప్పుచేసి పప్పుకూడు తినిన కాలమది. ఆ యప్పులకు వడ్డీ స్థిరమైనది కాదు, లోకపు బజారు ననుసరించి పెరుగునది. 1979 తరువాత అమెరికాలో వడ్డీరేట్లు పైకెగయగా, బ్రెజిల్ కట్టవలసిన సొమ్మును పైకెగసెను. 1982లో మెక్సికో చేతులెత్తినపిమ్మట క్రొత్త యప్పులు పుట్టలేదు. బ్రెజిల్ బాకీ 10 వేల కోట్ల డాలర్లు దాటినది. 1987 ఫిబ్రవరిలో సార్నీ ప్రభుత్వము విదేశపు బ్యాంకులకు వడ్డీ చెల్లింపు నిలిపివేసెను. రబ్బరు గీతగాడు ఎస్టేటు యజమాని పద్దులో ఉండినట్లే, బ్రెజిల్ దేశము న్యూయార్కు, లండను పద్దులలో ఉండెను. రెండు పద్దులును మోయుచుండినది ఒకే యడవి.

1975లో బ్రసిలేయా పట్టణమున వ్యవసాయకార్మికుల సంఘమొకటి వెలసెను. గురువు హితవు తలచుకొని మెండెస్ అందు చేరి కార్యదర్శి యయ్యెను. నాయకుడు విల్సన్ పినెయిరో. 1976లో వీరు ఎంపాతె యను నొక క్రొత్త పోరాటపద్ధతిని ప్రారంభించిరి. ఎంపాతె యనగా అడ్డుకొనుట. అడవి నఱకుచున్నారని తెలియగానే, నూరుమందియో రెండువందలమందియో గీతగాండ్రు భార్యాబిడ్డలతో కలిసి నఱకువారి గుడారములకు నడచిపోవుదురు. రంపములు పట్టినవారును కడుపుకూటికై వచ్చిన పేదలే గాన, వారితో వాదించి, నచ్చజెప్పి, పని మానిపించి, గుడారములు పీకివేయుదురు. ఆయుధములు వాడరాదని నియమము. ముందువరుసలో స్త్రీలును పిల్లలును నిలుతురు. సైనికులు వచ్చినపుడు జాతీయగీతమెత్తుకొనెడివారు. జాతీయగీతము వినబడగా సైనికుడు నిటారుగ నిలువవలసినదే గదా! దేశమునకు ద్రోహులని పేరుపెట్టబడినవారే దేశపు గీతమును పాడి తమ చెట్లను కాచుకొనిరి. మెండెస్ స్వయముగా చెప్పిన లెక్కచొప్పున నలువదియైదు పర్యాయము లిట్లడ్డగింపగా, ముప్పదింట ఓటమియు పదునైదింట విజయమును లభించెను. ఓటమి లెక్కను దాచని నాయకుని మాట మనకు నమ్మదగినది.

ఈ మార్గము పూలబాట కాదు. 1980 జులై 21వ తేదీ రాత్రి పినెయిరోను సంఘపు కార్యాలయముననే కాల్చి చంపిరి. దోషులను పట్టుకొనువారు లేకపోయిరి. కొందఱు గీతగాండ్రు ప్రతీకారముగ నొక పశువులశాల మేనేజరును చంపగా, ఆ దోషులకై మాత్రము పోలీసులు వెంటనే బయలుదేరి పలువురను పట్టి హింసించిరి. జనులను రెచ్చగొట్టెనను నేరమున మెండెస్‌పై దేశభద్రతా చట్టముక్రింద అభియోగము తెచ్చిరి. 1984లో నది కొట్టివేయబడెను. 1977లో షాపురి పురపాలకసంఘమున సభ్యుడైన యాయన, ఆ పిమ్మట రాష్ట్ర శాసనసభకు రెండుమార్లు నిలిచి రెండుమార్లు నోడెను. అధికారము ఆయనకు దక్కలేదు. ఆయన కూడబెట్టినది బడులను. 1981 మొదలు అడవినడుమ గీతగాండ్రకు వయోజనపాఠశాలలును, రబ్బరు నేరుగ అమ్ముకొనుటకు సహకారసంఘమును నెలకొల్పు యత్నము మేరీ అల్లెగ్రెట్టి మొదలగు విద్యావంతుల తోడ్పాటున సాగెను. పాఠశాలయు సహకారసంఘమును గలచోట దొంగపద్దు నిలువజాలదని చిన్ననాడే ఆయన గ్రహించియుండెను.

1985 అక్టోబరులో బ్రసీలియా రాజధానియందు గీతగాండ్ర ప్రథమ జాతీయసభ జరిగెను. అడవి దాటి యెఱుగనివారు వందకు పైగా నాటి సభకు వచ్చిరి. అచటనే యొక నూతనభావము రూపుదాల్చినది. దానిని మన రైతులకు తెలియు మాటలలో చెప్పవలెనన్న ఫలసాయపు అరణ్యమనవచ్చును. భూమి ప్రభుత్వముదే, ఎవ్వరును అమ్మరాదు, కొనరాదు. అందలి రబ్బరు, కాయలు, చేపలు మొదలగు ఫలసాయమును అడవి చెడకుండ అనుభవించు హక్కు తరతరములకును అచట నివసించువారిది. మనుష్యుని వెడలగొట్టి చెట్టును కాపాడు పద్ధతి యొకటి, చెట్టును కొట్టి మనుష్యునికి పట్టా యిచ్చు పద్ధతి యింకొకటి, ఈ రెండును దప్ప మూడవది లేదని పండితులు తలచుచున్న కాలమున, అక్షరజ్ఞానము నిన్నమొన్న కలిగిన కూలివాండ్రు మూడవ మార్గమును చూపిరి. పూర్వము తమను వేటాడినవారి వంశీయులని గీతగాండ్రను అనుమానించుచుండిన ఆదిమజాతులవారు సయితము, ఉభయుల యడవియు నొకటేయని తెలిసికొని చేయి కలిపిరి. ఈ మైత్రికై మెండెస్ ఎంతయో పాటుపడెను.

ఇచ్చట ఋణము మరల ప్రవేశించుచున్నది. కుయియబా నుండి పోర్టు వెల్యు వఱకు సుమారు 1,500 కిలోమీటర్ల రహదారి ప్రపంచబ్యాంకు అప్పుతో 1984 నాటికి పూర్తియయ్యెను. ఆ దారివెంట లక్షలకొలది జనులు వచ్చిపడి రొండోనియా యడవులను దహించిరి. లోకమున అలజడి పుట్టగా 1985లో ప్రపంచబ్యాంకు కొంతకాలము సొమ్ము ఆపినది. దానిని ఆక్రె రాజధానివఱకు పొడిగించుటకు సుమారు ఆరుకోట్ల డాలర్ల అప్పును అమెరికాఖండముల అభివృద్ధి బ్యాంకు మంజూరు చేసెను. ఆదిమజాతులకును అడవికిని రక్షణ కల్పింపవలెనని షరతు వ్రాసికొనిరి గాని, అది కాగితముననే యుండెను. 1987 మార్చిలో మెండెస్ తన మిత్రుల సాయమున అమెరికాలోని మయామీ నగరమునకు పోయి, ఆ బ్యాంకు వార్షికసభకు వచ్చినవారిని కలిసికొనెను. పిదప వాషింగ్టనులో శాసనసభ్యుల దర్శించెను. తాను రహదారికి విరోధిని కాననియు, అడవిలోనివారి నడిగి, వారి భూములకు హద్దులు వేసి, ఆపైన దారి వేయవలెననియు ఆయన వాదము. ఆ యేడే బ్యాంకు చెల్లింపులను నిలిపెను. ఐక్యరాజ్యసమితి పర్యావరణశాఖవారి బహుమానమును ఆ యేటనే ఆయనకు లభించెను.

స్వదేశమున ఆయనకు దక్కినది నింద. పరదేశములకు పోయి సొంతరాష్ట్రపు రహదారికి అడ్డుపడిన ద్రోహి యని పత్రికలును ఆసాములును ఘోషించిరి. జాతీయాభిమానము గల మన పాఠకులకును ఈ సందేహము కలుగవచ్చును. ఆలోచించి చూతము. ఆ యప్పు తీసికొనువేళ ఆక్రె యడవిలోనివారి నెవరైన నడిగిరా? దాని వడ్డీ మాత్రము వారి సంతతియు భరింపవలెను. తన పేర వ్రాయబడిన పత్రములోని షరతు లమలు కావలెనని ఋణదాత యెదుట నిలిచి అడుగుట ద్రోహమెట్లగును? ఎస్టేటు పద్దును చదువనేర్చిన బాలుడే పెద్దవాడై దేశపు పద్దును చదివెను. ఇంతకన్న వేఱు నేరమాయనయం దేదియు మాకు కనిపింపదు.

అదే సంవత్సరమున పొరుగుదేశమైన బొలీవియాలో అప్పునకు బదులు అడవియను బేరము మొదటిసారి కుదిరెను. ఆమెజాన్ పక్షులను పరిశోధించిన థామస్ లవ్‌జాయ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1984లో ఈ యూహను ప్రకటించియుండెను. దీని మర్మము సులభము. దివాలాస్థితికి వచ్చిన యాసామి వ్రాసిన నూఱు రూపాయల నోటును షావుకారు పదునైదు రూపాయలకే మఱొకనికి అమ్మివేయుట మన మెఱుగుదుము. దేశముల నోట్లును ఇట్లే అమ్ముడుపోవుచుండెను. కన్సర్వేషన్ ఇంటర్నేషనల్ అను అమెరికా సంస్థ బొలీవియా బ్రాసియిచ్చిన 6 లక్షల 50 వేల డాలర్ల బాకీని ఒక లక్ష డాలర్లకు కొని రద్దుచేసెను. ప్రతిగా బొలీవియా ప్రభుత్వము బేని ప్రాంతమున సుమారు 37 లక్షల యెకరములను రక్షింతుననియు, రెండున్నర లక్షల డాలర్లకు సరియగు స్వదేశనాణెమును నిధిగా నుంతుమనియు నొప్పుకొనెను. లోకమంతయు మెచ్చుకొనెను.

అయితే ఆ యడవిలో చిమానె యను జాతివారు తరతరములనుండి యున్నారు. చేవ్రాలునాడు వారి నెవరును పిలువలేదు. రక్షితభాగము చుట్టునున్న యడవిలో కలప కంపెనీల రంపములు ఆగలేదు. ఒప్పుకొనిన నిధియు 1989 వఱకు చేకూరలేదు. 1990లో ఆ ప్రాంతపు ఆదిమజాతులు త్రినిదాద్ పట్టణమునుండి లాపాజ్ రాజధానివఱకు నెలకు మించి కాలినడకన పోయి, తమ భూమిని తమదిగా ప్రభుత్వముచే నొప్పించుకొనవలసివచ్చెను. బాకీ రద్దయినంతమాత్రమున హక్కు స్థిరపడదని ఇందువలన తేలినది. మెండెస్ కోరిన ఫలసాయపు అరణ్యమునకును, బేని ఒడంబడికకును గల భేదమిదియే. ఇది పైనుండి దిగినది, అది క్రిందినుండి మొలచినది.

1988లో దార్లీ అల్వెస్ ద సిల్వా యను పశువుల ఆసామి కషోయిరా ఎస్టేటును కొంటినని చెప్పుకొనుచు అడవి కొట్టింపబూనెను. అది మెండెస్ పెరిగిన చోటు, ఆయన బంధుమిత్రుల నివాసము. గీతగాండ్రు అడ్డునిలిచిరి. ప్రభుత్వము కడకు ఆ భూమిని స్వాధీనపఱచుకొని గీతగాండ్రకే విడిచెను. ఆసామి కోపమునకు మేరలేకపోయెను. పరరాష్ట్రమున నొక హత్యకేసులో దార్లీపై నుండిన వారంటును వెదకి తెప్పించి మెండెస్ అధికారుల కందించెను. వారు దానిని అమలు జరుపక కాలయాపన చేసిరి. తనను చంపనున్నారని ఆయన పోలీసులకును, గవర్నరుకును, పత్రికలకును పేర్లతో సహా తెలియజేసెను. ఇద్దఱు పోలీసులను కాపుంచిరి. 1988 డిసెంబరు 22వ తేదీ సాయంకాలము, నలువదినాలుగు నిండిన వారమునకు, షాపురిలోని తన చిన్నయింటి పెరటిలో స్నానమునకై తలుపు తెఱచి అడుగు వెలుపల పెట్టగానే, పొదలచాటునుండి తుపాకి ప్రేలెను. కాపున్న పోలీసులు వంటయింట డామినో ఆడుచుండిరట. భార్యయు ఇద్దఱు పసిబిడ్డలును ఇంటనుండగనే ఆయన ప్రాణము పోయెను. 1990 డిసెంబరులో దార్లీకిని, కాల్చిన యాతని కుమారునికిని పందొమ్మిదేసి యేండ్ల శిక్ష పడినది.

ఆ హత్యతో ప్రపంచము కన్ను ఆక్రె వంకకు తిరిగెను. 1989లో విదేశములనుండి అప్పునకు బదులు అడవి కాపాడుడను సలహాలు బ్రెజిలునకు మెండుగ వచ్చిపడినవి. అధ్యక్షుడు సార్నీ వానిని తిరస్కరించెను. ఆమెజాన్ బ్రెజిలుదేననియు, బాకీ నెపమున పరులు పెత్తనము చేయరాదనియు ఆయన వాదము. స్వాతంత్ర్యమును ప్రేమించువారెవరును ఈ వాదమును త్రోసిపుచ్చలేరు. కాని పరుల పెత్తనమునకు సమాధానము గొడ్డలి కాదు. ఆ యేడే ఆమెజాన్ ఆదిమజాతుల సమాఖ్య, రాజ్యములను బ్యాంకులను గాక అడవి నేలుకొనువారినే ప్రథమపక్షముగా జేసి ఋణవినిమయము జరుగవలెనని కోరెను. 1990 జనవరిలో బ్రెజిల్ ప్రభుత్వము ఫలసాయపు అరణ్యములకు చట్టరూపమిచ్చి, మార్చిలో సుమారు 24 లక్షల యెకరముల యడవిని చికో మెండెస్ పేర నేర్పఱచెను. బ్యాంకు బేరముతో నిమిత్తము లేకయే, దేశము తన చట్టముచేతనే తన జనులకు తన యడవిని అప్పగించెను. పరతంత్రమగుననిన సార్నీ భయమునకు గీతగాండ్రు వెదకిన సమాధానమిది.

అటుపిమ్మట ఋణవినిమయము లోకమున చాల వ్యాపించెను. అమెరికా 1998లో ఇందుకై ప్రత్యేకచట్టము చేసెను. బ్రెజిల్ సైతము 2010లో సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్ల బాకీని తన తీరపు టడవులు మొదలగు ప్రాంతముల రక్షణకు మరల్చుకొనుట కొడంబడెను. 2024 డిసెంబరులో ఈక్వడార్ తన యామెజాన్ రక్షణకొఱకు 150 కోట్ల డాలర్ల బాకీని తిరిగికొనెను. మెండెస్ సహచరియు, గీతగాని కూతురును, పదునారేండ్ల ప్రాయమున అక్షరములు దిద్దినదియు నగు మరీనా సిల్వా 2003లోను, మఱల 2023లోను దేశపు పర్యావరణమంత్రిణి యయ్యెను. 2007లో రక్షితప్రాంతముల పాలనకేర్పడిన సంస్థకు మెండెస్ పేరే పెట్టిరి. అయినను కథ సుఖాంతమని చెప్పవలను గాదు. రబ్బరు ధర పడిపోగా, ఆయన పేరుగల యడవిలోనే కొందఱు బ్రతుకుతెరువునకై పసులను పెంచి చెట్లు కొట్టుచున్నారు. హక్కు ఇచ్చినంత చాలదు, ఆ హక్కుతో కూడు దొరకవలెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది చెప్పి ముగింతుము. బాకీలో కొంత కొట్టివేసి అడవిని నిలుపుట ధర్మమైన కార్యమే. ఆ యప్పులలో పెక్కు ప్రజల నడుగని ప్రభుత్వములు చేసినవి, వడ్డీయే యసలును మించినవి. కాని యీ బేరము ఋణదాతకు పుణ్యమును, రాజధానికి నిధులను మాత్రమే తెచ్చి, అడవిలోనివానికి కంచెను తెచ్చినచో, పాత పద్దుపుస్తకమునకు పచ్చని అట్ట వేసినట్లే యగును. కౌలుదారుని పిలువక కరణమును షావుకారును కూర్చుండి చేను తాకట్టు విడిపించిన, ఆ చేనిలో పండునదేమి? ఒడంబడిక వ్రాయునాడు అడవిలోనివాడు అచట నుండవలెను, దానిని చదువగల చదువు వానికుండవలెను, ఫలసాయము వానికి దక్కవలెను. ఈ మూడింటికై ఒక రబ్బరు గీతగాడు ప్రాణమిచ్చెను. ఆయన సాధించిన 24 లక్షల యెకరముల విలువను ఏ బ్యాంకును కట్టలేదు. ఆయనకు లోకము పడియున్న బాకీ మాత్రము ఇంకను తీరలేదు.